స్కాట్లాండ్ కామెంట్లు చదివిన ఏడాదిన్నర

అమెరికాలో వర్క్ పర్మిట్ వచ్చాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం, ఎవరెవరో రాసింది చెరిపేసే ఉద్యోగం. ఫ్రీమాంట్‌లో మా అపార్ట్‌మెంట్ రెండో బెడ్‌రూమ్‌లో, ఇస్త్రీ బల్ల పక్కన డెస్క్ వేసుకుని, లండన్‌లోని ఒక పత్రిక వెబ్‌సైట్‌కి వచ్చే కామెంట్లు చూసేదాన్ని. పత్రిక ఆ పనిని ఒక అమెరికన్ కంపెనీకి అప్పగించింది. ఆ కంపెనీ నాలాంటి వాళ్ళ చేత ఇళ్ళ నుంచే చేయించేది. నేను పొద్దున ఏడింటికి లాగిన్ అయ్యేసరికి లండన్‌లో మధ్యాహ్నం మూడు. వాళ్ళు ఇళ్ళు చేరి, ఫోన్లు తెరిచి, ఒకరినొకరు తిట్టుకోవడం మొదలుపెట్టే వేళకి నేను రెండో కాఫీ తాగుతుండేదాన్ని.

ట్రైనింగ్ అయ్యాక నాకు స్కాట్లాండ్ వార్తలు ఇచ్చారు. పాతవాళ్ళందరూ వద్దనగా మిగిలిపోయిన పని అది. అప్పటికి స్కాట్లాండ్ అంటే నాకు గళ్ళ బట్ట కట్టుకునే మగవాళ్ళు, వాన, అంతే. అక్కడి జనం బ్రిటన్ నుంచి విడిపోవాలా వద్దా అని ఓటేశారనీ, వద్దన్నవాళ్ళు గెలిచారనీ, అయినా విడిపోదామనే పార్టీకి ఓడాకే బలం ఇంకా పెరిగిందనీ పనిలో చేరాకే తెలిసింది. మా పత్రికకి అది బొత్తిగా గిట్టదు. మా పత్రిక అనడం ఎప్పుడు అలవాటైందో గుర్తులేదు. వారంలో నాలుగైదు వ్యాసాలు వచ్చేవి. ఒకదాంట్లో విడిపోతామనేవాళ్ళు మూర్ఖులు, ఇంకోదాంట్లో పిచ్చివాళ్ళు, ఇంకోదాంట్లో బిచ్చగాళ్ళు. ఒక్కో వ్యాసం కింద వందల కామెంట్లు. ఒక్కో కామెంట్ స్క్రీన్ మీదికి వచ్చినప్పుడు కింద రెండు బటన్లు ఉండేవి. ఉంచాలి, లేదా తీసెయ్యాలి. తీసేస్తే కారణం నంబరు కొట్టాలి.

మొదటి నెలల్లో నాకు ఒళ్ళు మండేది. మాది నల్గొండ. నేను హైదరాబాద్‌లో డిగ్రీ చదివేటప్పుడు తెలంగాణ ఉద్యమం నడుస్తోంది. పొద్దున మేం నడిచి వచ్చిన ఊరేగింపు సాయంత్రానికి హాస్టల్ టీవీలో ఒక పగిలిన బస్సు అద్దంగా మారేది. నడిచినవాళ్ళు కనిపించేవాళ్ళు కాదు. అద్దాన్ని మాత్రం మళ్ళీ మళ్ళీ చూపించేవారు. మావారిది గుడివాడ దగ్గర పల్లె. మాది ప్రేమ పెళ్ళి. రాష్ట్రం విడిపోయిన ఏడాది మా ఇంట్లో వంట కంటే వాదనలే ఎక్కువ జరిగాయి.

ఒకరోజు పత్రికలో ఒకాయన స్కాట్లాండ్ వాళ్ళ మాట తీరును వెక్కిరిస్తూ, వాళ్ళు పలికినట్టే స్పెల్లింగులు మార్చి వ్యాసం రాశాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర మావారికి చదివి వినిపించాను. మా యాసని సినిమాల్లో రౌడీలకీ పనివాళ్ళకీ పెట్టినట్టే ఉంది చూడమన్నాను.

“ప్రపంచంలో ఎక్కడ ఏం జరిగినా తెచ్చి మాకే అంటగడతావేంటి?” అన్నారాయన.

గంటసేపు పోట్లాడుకున్నాం. నాకు బాగా గుర్తున్న ఆఖరి పోట్లాట అదే.

తర్వాత మంట ఎప్పుడు ఆరిందో చెప్పలేను. ఒకరోజు ఆరింది అనడానికి లేదు. కామెంట్లు రెండు పక్కల నుంచీ వచ్చేవి. విడిపోదామనేవాళ్ళు ఆ వ్యాసాలు రాసిన ఆడవాళ్ళను అనరాని మాటలు అనేవారు. వద్దనేవాళ్ళు అవతలివాళ్ళ చావు కోరేవారు. నేను నంబర్లు కొట్టేదాన్ని. నాలుగు అంటే బూతు, ఏడు అంటే బెదిరింపు. మధ్యాహ్నం మూడింటికి లాగవుట్ చేసి, బియ్యం కడిగి పెట్టి, కిటికీ దగ్గర నిలబడేదాన్ని. దూరంగా ట్రైను పోయేది. ఏం చదివానని ఎవరైనా అడిగితే ఒక్క ముక్క కూడా చెప్పలేకపోయేదాన్ని.

“ఈమధ్య నాతో దెబ్బలాడట్లేదు నువ్వు. బానే ఉన్నావా?” అని అడిగారు మావారు ఒకరోజు.

“బాగనే ఉన్న,” అన్నాను.

ఆ వందలమందిలో ఒక్క పెద్దాయన మాత్రం గుర్తుండిపోయాడు. స్కాట్లాండ్‌లో ఏదో దీవికి వెళ్ళే ఫెర్రీలో నలభై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యానని రాసుకున్నాడు. విడిపోవాలనే పక్షం. ఏ వ్యాసం వచ్చినా కింద నాలుగైదు వాక్యాలు పద్ధతిగా రాసేవాడు. ‘అయ్యా, మీ లెక్కతో నేను ఏకీభవించను’ అని మొదలుపెట్టేవాడు. తిట్టినవాళ్ళకి జవాబిచ్చేవాడు కాదు. రాజకీయాలు లేనప్పుడు తోటపని పేజీలో టమాటాల గురించి సలహాలు చెప్పేవాడు. ఆయన కామెంట్ కనిపిస్తే చదవకుండానే ఉంచేసేదాన్ని. అంత నమ్మకం.

ఆయన పేరు మీద అప్పటికే రెండు తప్పులు నమోదై ఉన్నాయి. పత్రిక ఏకపక్షంగా రాస్తోందన్నందుకు ఒకటి, వేరే వెబ్‌సైట్ లింకు ఇచ్చినందుకు ఒకటి. పత్రికను విమర్శిస్తే అది విషయానికి సంబంధం లేనిదిగా చూడాలని మా నిబంధన. మూడో తప్పుకి అకౌంట్ మూసేస్తారు.

ఆ వారం వచ్చిన వ్యాసంలో విడిపోతామనేవాళ్ళను దేశానికి పట్టిన జబ్బు అన్నారు. దాని కింద ఈయన రాశాడు: ‘నన్ను జబ్బు అన్నారు. నలభై ఏళ్ళు ఈ దేశపు మనుషుల్ని అటూ ఇటూ దాటించాను. నేను జబ్బునా?’ మనుషుల గుంపును రోగంతో పోల్చే మాట ఉంటే తీసెయ్యాలని కొత్తగా రూల్ పెట్టారు. సిస్టమ్ ఆ మాటను ఎర్రగా చూపించింది. నేను పేరు చూడలేదు. తొమ్మిది కొట్టి తీసేశాను. తర్వాతి కామెంట్ వచ్చాక గానీ అది ఎవరు రాశారో తట్టలేదు.

అకౌంట్ మూసుకుపోయింది. అకౌంట్‌తో పాటు ఆయన రాసినవన్నీ పోయాయి. టమాటాల సలహాలు కూడా.

రెండు రోజులకి ఆయన దగ్గర నుంచి అప్పీలు వచ్చింది. అదీ నా క్యూలోకే వచ్చింది. ఆ మాట తనది కాదని, వ్యాసంలో నుంచే తీసుకున్నానని, ఫలానా పేరాలో చూడమని మర్యాదగా రాశాడు. నేను మా టీమ్ లీడ్‌కి ఫోన్ చేశాను. డాలస్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. మీటింగుల్లో నన్ను పేరుతో పిలిచేది, ఇద్దరమే మాట్లాడుకునేటప్పుడు ఆంటీ అనేది.

“ఆ మాట పత్రికవాళ్ళదే. ఆయన దాన్ని తిరిగి అడిగిండు, అంతే,” అన్నాను.

“మీరు రైట్ ఆంటీ. కానీ ఆర్టికల్ వాళ్ళ స్టాఫ్ రాసింది. అది మన క్యూలో రాదు కదా. మనం ఓన్లీ కామెంట్స్ చూస్తాం.”

“అయితే వాళ్ళు అనొచ్చు, ఈయన అడగొద్దా?”

“నేను లండన్‌కి మెయిల్ పెడతా. వాళ్ళు యెస్ అంటారని అనుకోను,” అంది. తర్వాత, “మీకు కోపం వచ్చిందా ఆంటీ?” అని అడిగింది.

లోపల వెతుక్కున్నాను. “లేదు,” అన్నాను.

“నాకు ముందు వచ్చేది. ఇప్పుడు రాదు,” అంది ఆ అమ్మాయి.

లండన్ జవాబు కోసం ఎదురుచూస్తున్న ఆ ఆదివారం ఒక స్నేహితుల ఇంట్లో భోజనాలు. అరడజను తెలుగు కుటుంబాలు. పులిహోర తింటూ మగవాళ్ళు రాష్ట్రం విడిపోయిన సంగతి ఎత్తారు. టీవీలు లేకపోతే అసలు విడిపోయేది కాదన్నారొకరు. టీవీలన్నీ ఒక్కటై ఆపాలని చూసినా విడిపోయిందన్నారు వరంగల్ నుంచి వచ్చిన ఇంకొకాయన. గొంతులు లేచాయి. నేను ప్లేటు పట్టుకుని వింటున్నాను. ఈ మాట ఉంచొచ్చు, ఈ మాట నాలుగు, ఈ మాట తొమ్మిది అని నా లోపల నడుస్తోంది తప్ప వాళ్ళు ఏమంటున్నారో ఎక్కడం లేదు.

“మీరు చెప్పండి, మీది నల్గొండ కదా,” అన్నారు వరంగల్ ఆయన నా వైపు తిరిగి.

అందరూ నా వైపు చూశారు. నేను వినలేదని చెప్పాను. ఇంకా కొంచెం పెరుగు పచ్చడి కావాలా అని ఆయన భార్య అడిగింది, వేయించుకున్నాను.

తిరిగి వస్తూ కార్‌లో మావారు, “వాళ్ళు మీవాళ్ళని అన్నేసి మాటలంటుంటే నువ్వేమీ అనలేదు. నాకే ఏదోలా అనిపించింది,” అన్నారు.

“నాకేమనిపించలే,” అన్నాను. అది నిజం. ఆయన రేడియో పెట్టి, మళ్ళీ కట్టేశారు.

లండన్ జవాబు వారానికి వచ్చింది. నిర్ణయంలో మార్పు లేదు. అప్పీలు తిరస్కరించినప్పుడు పంపే ఉత్తరం ముందే రాసి పెట్టి ఉంటుంది, పేరు నింపి పంపించడమే. ఒక్క వాక్యం సొంతంగా చేర్చవచ్చా అని లీడ్‌ని అడిగాను. కుదరదంది. పంపించాను.

ఆయన మర్నాడు దానికి జవాబు రాశాడు. ఒక్క లైను. ‘ఎవరో ఒకరు చదివినందుకు కృతజ్ఞతలు.’ అది చదివి, కేసు మూసేశాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు కుర్చీలోనే కూర్చున్నాను. రాలేదు. లాండ్రీ డ్రయర్‌లో వేసే టైమైందని లేచాను.

కొన్నాళ్ళకి, గొడవ పడలేక స్కాట్లాండ్ వ్యాసాల కింద కామెంట్లు రాసే వీలే తీసేశారు పత్రికవాళ్ళు. వ్యాసాలు మాత్రం అలాగే వచ్చేవి. నన్ను వంటల పేజీకి మార్చారు. అక్కడా తిట్టుకునేవారు గానీ తక్కువ. ఆ ఎండాకాలం కంపెనీ మా పనిని సాఫ్ట్‌వేర్‌కి అప్పగించి మా అందరినీ మానిపించింది. ఇప్పుడు నేను ఇక్కడి ఒక ఎలిమెంటరీ స్కూల్ ఆఫీసులో పిల్లల హాజరు చూసుకుంటున్నాను. వార్తలు పెద్దగా చదవను. మావారితో ఇంకా పోట్లాడటం లేదు. ఆయన అప్పుడప్పుడూ కావాలనే ఏదో ఒకటి అంటారు, నేను నవ్వుతాను.

ఆ కంపెనీలో మా ఆఖరి రోజు లీడ్ అమ్మాయి అందరికీ విడివిడిగా ఫోన్ చేసింది. నాతో పని గురించి మాట్లాడలేదు. వాళ్ళ అమ్మమ్మ ఇండియా నుంచి వస్తోందట.

“నేను ఇన్ని రోజులు ఏం జాబ్ చేశానో అమ్మమ్మకి తెలుగులో ఎలా చెప్పాలి ఆంటీ?”

ఆలోచించాను. “ఊళ్ళోవాళ్ళ ఉత్తరాలు చదివే పని అని చెప్పు,” అన్నాను.

తను దాన్ని రెండుసార్లు పలికి చూసుకుంది. ‘ఉత్తరాలు’ అన్న మాట దగ్గర నాలుక తిరగలేదు. మూడోసారి సరిగ్గా వచ్చింది. అప్పటికే ఇంకొకరికి ఫోన్ చేయాల్సిన టైమైంది, పెట్టేసింది.