సీలు వేసిన స్ప్రింగు

ఆవిడను ఆ పారిశ్రామిక వాడలో అందరూ కాగితాలక్క అంటారు. చివరి షెడ్డులో రెండు మెషిన్లు పెట్టుకుని, భార్యాభర్తలిద్దరూ స్ప్రింగులు తయారు చేస్తారు. తీగ చుట్టేది ఆయన. ఆర్డర్లు, ఒప్పందాలు, తగాదాలు ఆవిడ వాటా. సంతకం పెట్టిన కాగితం చేతికి రానిదే తీగ చుట్ట విప్పనివ్వదు.

ఈ పట్టుదల ఊరికే రాలేదు. షెడ్డు పెట్టిన కొత్తలో ఓ పంపుల కంపెనీ ఆయన ఫోన్‌లో రేటు కనుక్కుని, "ఇంకేం, బాగానే ఉందండీ" అన్నాడు. వీళ్ళు దాన్నే ఆర్డరనుకుని చేసేశారు. తీరా రెండు గోతాల సరుకు తీసుకెళ్తే, "రేటు అడిగానంతే, చెయ్యమన్నానా?" అన్నాడు. ఆ రెండు గోతాలూ ఇప్పుడు షెడ్డు తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం ఉన్నాయి.

రేటు అడిగినంత మాత్రాన ఆర్డరు ఇచ్చినట్టు కాదని ఆవిడకు అప్పుడు తెలిసొచ్చింది. మనం రేటు, గడువు రాసి పంపితే అది ప్రతిపాదన. అవతలివాళ్ళు దాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకుంటేనే ఒప్పందం.

"వాళ్ళు సరే అన్నారుగా, మొదలుపెట్టేస్తా," అన్నాడు ఓసారి భర్త.

"సరే, కానీ పది రోజులు ముందు కావాలన్నారు. అది ఒప్పుకోవడం కాదండీ, కొత్త బేరం. ఇప్పుడు మనం ఒప్పుకోవాలి."

"నన్ను చేసుకునేటప్పుడు నువ్వూ ఇలాగే 'సరే, కానీ' అన్నావు."

"మీరూ ఒప్పుకున్నారు. అంట్లు తోమడం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు."

ఆ మధ్య బొమ్మల కంపెనీ ఒకటి ఎనిమిది వేల స్ప్రింగులు అడిగింది. నొక్కి వదిలితే ఎగిరే రేకు కప్ప కోసం. వీళ్ళకి అంత పెద్ద ఆర్డరు అదే మొదలు. ఒకే రకం నమూనాలు రెండు చేసి, రెండు ప్యాకెట్లలో పెట్టి సీలు వేసి, అతుకు మీద ఇరుపక్షాలూ సంతకాలు పెట్టాయి. ఒకటి కంపెనీకి, ఒకటి ఆవిడకి. సరుకు నమూనాకి సరిపోవాలనీ, తేడా ఉంటే అందిన వారంలోగా రాసి తెలపాలనీ ఒప్పందంలో ఉంది.

సరుకు వెళ్ళిన అయిదో రోజున ఉత్తరం వచ్చింది. స్ప్రింగులు మరీ గట్టిగా ఉన్నాయి, మొత్తం వెనక్కి తీసుకెళ్ళండి.

ఆ కొలత స్ప్రింగు ఇంకెవరికీ పనికిరాదు. అంతా తుక్కు కిందే లెక్క. అంతకన్నా భర్త మొహం చూడలేకపోయింది ఆవిడ. ఇరవై ఏళ్ళుగా తీగ చుట్టిన మనిషి. "నా చెయ్యే తప్పిందేమోనే," అంటూ పాడైన పాత స్ప్రింగుని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కంపెనీకి వెళ్ళారు. పర్చేజ్ మేనేజర్ మర్యాదగానే కూర్చోబెట్టాడు. సరుకు పరీక్షించే చెకింగ్ ఆయన రెండు స్ప్రింగులు తెచ్చి నొక్కి చూపించాడు.

"చూడండక్కా. మీ నమూనా వెన్నలా దిగుతోంది. మీ సరుకు మొండికేస్తోంది."

"నమూనా ప్యాకెట్టేదీ?"

"రెండు నెలల కిందట, ఇచ్చిన రోజే విప్పేశాను. చేతికి అందుబాటులో ఉంటుందని టేబుల్ మీదే పెట్టుకున్నా."

ఆవిడ సంచిలోంచి తన ప్యాకెట్టు తీసింది. సంతకాలు చెక్కుచెదరలేదు. "మీ చేత్తోనే కత్తిరించండి సార్," అని మేనేజర్‌కి ఇచ్చింది.

మూడు స్ప్రింగులూ టేబుల్ మీద నిలబెట్టారు. ఆవిడ నమూనా, సరుకులోది ఒకే ఎత్తు. చెకింగ్ ఆయనది రెండు మిల్లీమీటర్లు పొట్టి. ఒకే బరువు మూడింటి మీదా పెట్టి చూశారు. మొదటి రెండూ సమానంగా దిగాయి. మూడోది చతికిలబడింది.

"ఇదెలా తగ్గింది?" అన్నాడు మేనేజర్.

అప్పుడే ఫోన్ మోగింది. చెకింగ్ ఆయన ఎడమ చేత్తో ఫోన్ ఎత్తాడు. కుడి చెయ్యి దానంతటదే వెళ్ళి తన స్ప్రింగుని పట్టుకుంది. చివరిదాకా నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కి, మళ్ళీ వదులుతోంది. గదిలో అందరూ ఆ చేతినే చూస్తున్నారు. ఆయనకి ఆ ధ్యాసే లేదు.

ఫోన్ పెట్టాక మేనేజర్ నెమ్మదిగా అడిగాడు. "రోజుకి ఎన్ని ఫోన్లొస్తాయయ్యా నీకు?"

"ఓ నలభై దాకా సార్. ఏం?"

"రెండు నెలల్నించీ ఇలా నొక్కుతుంటే బలం పోయి పొట్టిదవదూ? కప్ప ఎగరాల్సిన ఎగురుళ్ళన్నీ నువ్వే ఎగిరించేశావు కదయ్యా!"

చెకింగ్ ఆయన చేతివంక చూసుకున్నాడు. వేడి వస్తువు తగిలినట్టు స్ప్రింగు వదిలేశాడు. ముందు నవ్వింది ఆవిడ భర్తే. నిన్నట్నించీ బిగబట్టుకున్నదంతా బయటికొచ్చినట్టు, కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. సరుకులోని ఓ స్ప్రింగు కప్పకి బిగించి వదిలితే మేనేజర్ ఫైళ్ళ మీంచి దూకి అవతల పడింది.

"తప్పు మాదేనక్కా. సరుకు ఉంచుకుంటాం. సరేనా?"

"రాసివ్వండి సార్. ఉత్తరంతో కాదన్నారు, ఉత్తరంతోనే ఒప్పుకోండి."

"మాట చాలదా?"

"మీ మాట మీద నమ్మకం లేక కాదు. రేపు ఈ కుర్చీలో ఇంకొకరుంటే?"

మేనేజర్ నవ్వుతూ రాసిచ్చాడు. ఇంకో పన్నెండు వేల స్ప్రింగులకు కొత్త ఒప్పందమూ అప్పుడే రాసుకున్నారు. నమూనా ప్యాకెట్టు బీరువాలో తాళం వేసి ఉంచాలన్న షరతు అందులో చేరింది. అది పెట్టమన్నది చెకింగ్ ఆయనే.

గేటు దాటాక భర్త స్కూటర్ తీశాడు. ఆవిడ వెనక కూర్చుంటే, వాడలోకి వెళ్ళే దారిలో ఎదురైన ప్రతి షెడ్డు ముందూ బండి ఆపి, తన చెయ్యి తప్పలేదని కథంతా మొదట్నించీ చెప్పాడు. పావుగంట దారికి రెండు గంటలు పట్టింది. ఆవిడ ఒక్కసారీ తొందరపెట్టలేదు.