అందరికీ పులిహోరే

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం లేదు గానీ, చేతినిండా భయం ఉండేది. ఎమ్మెస్ ముగించి అమెరికాలో కమ్మింగ్ అనే ఊళ్ళో ఒక గది తీసుకుని ఒంటరిగా ఉండేవాణ్ణి. వీసా గడువు దగ్గరపడుతోంది. ఫోన్ మోగితే గుండె దడ, మోగకపోతే ఇంకా దడ. అలాంటప్పుడు ఊళ్ళో తెలుగువాళ్ళంతా మేనేజర్ అంకుల్ అని పిలిచే ఆయన (నిజంగానే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్) కార్తీక వనభోజనాల పని ఒకటి నా నెత్తిన పెట్టారు. ఏ ఇంటి నుంచి ఎంతమంది వస్తున్నారో చూసి, వాళ్ళు ఏం వండి తేవాలో మెసేజ్ పంపే ప్రోగ్రాం పైథాన్‌లో రాయాలి. "నీట్‌గా చెయ్యి బాబూ, మా టీమ్‌లో రిఫర్ చేస్తాను" అన్నారు. ఇక నాకు నిద్ర పడితే ఒట్టు.

ఒక్కరైనా వస్తే పులిహోర, ఇద్దరు దాటితే కూర, ముగ్గురు దాటితే స్వీట్. ఇఫ్, ఎలిఫ్, ఎలిఫ్ (ఇదైతే ఇది, కాకపోతే అది) అని ఆ వరుసలోనే రాసేశాను. నా పేరు పెట్టి టెస్ట్ చేస్తే పులిహోర అని వచ్చింది. ఒక్కణ్ణే కదా, సరిపోయింది అనుకుని అందరికీ పంపేశాను. ఆంటీలంతా సంతోషంగా సరేనన్నారు. ఎవరికి వారు తమ పులిహోర పేరు ఊరంతా పాకిందనే అనుకున్నారట, అందుకే పక్కింటావిడ నొచ్చుకుంటుందని ఆవిడతో కూడా అనలేదు.

పార్కులో మొదటి గిన్నె మూత తీశారు. పులిహోర. రెండోదీ అదే. మూడోదీ అదే. కూర లేదు, స్వీట్ లేదు, బల్లంతా పసుపుపచ్చగా ఉంది. ఒక ఆంటీ ప్లేటు నా చేతిలో పెట్టి, "నిజం చెప్పు నాన్నా, ఎవరిది బావుంది?" అని అడిగారు. మిగతావాళ్ళందరూ నా నోటి వంకే చూస్తున్నారు. రాబోయే ఉద్యోగం, వీసా, ప్రాణం అన్నీ తలుచుకుంటూ, ఇంకో గిన్నె వైపు ప్లేటు చాపాను.

అంకుల్ నన్ను పక్కకి పిలిచి కోడ్ చూపించమన్నారు. చూస్తూనే పెదవులు బిగించారు (నవ్వు ఆపుకుంటున్నారని అప్పుడు తెలియలేదు). "పైథాన్ పైనుంచి చూస్తుంది. మొదట నిజమైనదాని దగ్గరే ఆగిపోతుంది. ఒక్కరైనా లేని ఇల్లు ఏదైనా ఉంటుందా? పెద్ద అంకె పైన పెట్టాలి. ఇంకో ఇంటితో టెస్ట్ చెయ్యలేదా?" అన్నారు. "నాకు తెలిసిన ఇల్లు నాదొక్కటే అంకుల్" అన్నాను. ఆయన నా ప్లేటులో ఇంకాస్త పులిహోర వడ్డించారు. తర్వాత, "సోమవారం ఇంటర్వ్యూకి రా. ముందు ఇదే అడుగుతాను" అన్నారు.

అదే అడిగారు, నేనూ చెప్పాను, ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు పిల్లలతో కలిపి మా ఇంట్లో నలుగురం. వనభోజనాల ప్రోగ్రాం ఇప్పటికీ నాదే, వరుస సరిచేశాను. ప్రతి ఏడూ మాకు స్వీటే వస్తుంది. అయినా ఒక్కడే వస్తున్న కుర్రాడికి పులిహోర మెసేజ్ వెళ్ళిందంటే, వాణ్ణి వనభోజనాలకి ముందు రాత్రి మా ఇంటికి భోజనానికి పిలుస్తాను.