అర్జీ చివరి మాట

మొన్న కచేరీకి సెలవు చీటీ రాస్తుంటే, నా ప్రమేయం లేకుండానే కలం అడుగున "ఒబీడియంట్" అని రాసేసింది. అప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు, అరుగు మీదికీ గదిలోకీ తిరుగుతూనే ఉన్నాను. మా మేనమామ పొగరుతో నారు ఎండబెట్టుకున్నాడని ఊళ్లో ఈనాటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు.

నేను కాలువ కచేరీలో గుమాస్తాగా కుదిరిన కొత్తల్లో, భీమవరం వైపు మా ఊరి శివారు చేలకు నీరందక, కొత్త తూము కోసం రైతులు కాలువల దొరగారికి అర్జీ పెట్టుకోదలచి, రాసే పని నాకు అప్పగించారు. ఆ రోజుల్లో అర్జీ అంటే ఎంత హడలో మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. నారుమళ్లు నెర్రెలిచ్చి ఉన్నాయి గనుక అందరూ చూపినచోట సంతకాలు పెట్టారు. మావయ్య మాత్రం అడుగున "ఒబీడియంట్ సర్వెంట్" అని ఇంగ్లీషులో ఉన్న చివరి వరుసకు అర్థం అడిగాడు. మిక్కిలి విధేయుడైన సేవకుడు అని చెప్పాను.

"నేను నా చేలో పనివాణ్ణి గానీ, దొరింట్లో పనివాణ్ణా ఏంటి? కొట్టెయ్యి."

దొరగారు కూడా తన పైదొరకు అలాగే రాస్తారని నచ్చజెప్పాను. అప్పటికీ కుదరకపోతే, మిషను బడిలో పాదిరీగారు చెప్పిన సంగతి జ్ఞాపకం వచ్చి, ఒబీడియంట్ అన్నది లాటినులో చెవియొగ్గి వినడమనే మాట నుంచి పుట్టిందనీ, అందులో తలవంపు లేదనీ నా చదువంతా ఒలకబోశాను.

"అయితే అది దొరే రాసుకోవాలి గదరా అబ్బాయ్. చెప్పుకునేది మేం, వినాల్సింది ఆయన."

సంతకాలకని అరుగు మీద చేరిన రైతులు నవ్వారు. నాకు మాత్రం కొత్త కొలువు పోతుందేమోనని భయం. ఆ మాట లేనిదే కచేరీ అర్జీ తీసుకోదని ఖండితంగా చెప్పేశాను. ఆయన సంతకం పెట్టలేదు. తూము పడింది, అర్జీలో పేర్లున్నవాళ్లకే నీటి వంతులు కట్టారు, మావయ్య నారు ఆయన కళ్లముందే ఎండిపోయింది. ఆ ఏడు వాళ్లింట కొత్తబియ్యం వండలేదు.

తరవాత ఆ మాట లేని అర్జీలు ఎన్నో నా చేతుల మీదుగా వెళ్లాయి, దొరగారు ఒక్కదాన్నీ తిప్పి పంపలేదు. అసలు అలాంటి నియమమే లేదు, ఉందో లేదో నేను అప్పుడు ఎవరినీ అడగనూ లేదు. ఊరు ఆయనది పొగరు అన్నప్పుడల్లా తల ఊపుతూ వచ్చాను. ఆ నారు ఎండింది నా పిరికితనం వల్ల. ఈ మాట వినడానికి ఆయన ఇప్పుడు లేడు.

ఇప్పుడు ఊరూరా ఇంగ్లీషు బళ్లు వచ్చాయి. కుర్రాళ్లు పైన ఏమి అడగాలో తేలకముందే కింద ఆ వరుస రాసేస్తున్నారు. దాని అర్థం అడిగి ఆగిన మనిషిని మావయ్య తరవాత నేను చూడలేదు. సెలవు చీటీ ఇంకా బల్ల మీదే ఉంది. ఆ మాట కొట్టేసి పంపితే ఏమీ కాదని నాకు తెలుసు. అయినా చెయ్యి రావడం లేదు.