రెండో గిరక

తాండూరు నుంచి బంట్వారం పోయే దారిలో ఒక ఊరు. అరవైల మొదట్లో నేను తాండూరులో ఉండి హైదరాబాదు పత్రికకు వార్తలు పంపుతుండేవాణ్ణి. ఎండాకాలం ఆ ఊరికి పోతే సగం మంది కుంటుతూ ఎదురయ్యేవాళ్లు. నారు, అదే నారికురుపు. కాలిమీద బొబ్బ లేచి, అది చితికి, లోపలినుంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయట పెట్టేది. దాన్ని ఒక చిన్న పుల్లకు చుట్టి, రోజూ కొంచెం కొంచెంగా లాగేవాళ్లు. తొందరపడితే లోపలే తెగేది. తెగితే కాలు వాచి చీము పట్టేది. కొందరికి మోకాలు వంగిన చోటే బిగుసుకుపోయేది. దుక్కులు దున్నాల్సిన మగవాళ్లు, నాపరాయి గనుల్లో బండలు మోయాల్సిన ఆడవాళ్లు మంచాలమీద ఉండేవాళ్లు.

ఊరికంతా ఒకటే మెట్లబావి. దానికి రెండువైపులా మెట్లు. తూర్పు మెట్లు ఊరివాళ్లవి, పడమటి మెట్లు మాదిగవాడ వాళ్లవి. ఆ సంగతి ఎక్కడా రాసిపెట్టి లేదు. నడక వచ్చిన ప్రతి పిల్లకూ తెలుసు. ఎవరైనా సరే మోకాళ్లదాకా నీళ్లలో దిగి కుండ ముంచాల్సిందే. నారు ఉన్న కాలూ ఆ నీళ్లలోనే దిగేది.

ఒక ఎండాకాలం హైదరాబాదు నుంచి పరిశోధన కోసమని ఒక డాక్టరు జీపులో వచ్చాడు. ఆయన వెంట తాండూరు కాంపౌండరు, వికారాబాదు నుంచి ఒక ఓవర్సీరు. డాక్టరు వయసులో చిన్నవాడు. చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పాలి. వాడలో నేలమీద కూర్చుని పుండ్లు తనే కడిగి కట్టు కట్టేవాడు. ఓపికగా విడమరిచి చెప్పేవాడు. పుండులోంచి పురుగు పిల్లలు బావినీళ్లలో పడతాయి, కంటికి ఆనని నీటిపురుగులు వాటిని మింగుతాయి, ఆ నీళ్లు తాగితే ఏడాది తర్వాత నారు బయటికి వస్తుంది.

వాడ వాడంతా నవ్వింది. గనిలో బండలు మోసే ఒకామె మోకాలి దగ్గర పుల్లకు చుట్టిన నారుతో గడపలో కూర్చుని ఉంది. ఆమె అన్నది: “నిరుడు తాగిన నీళ్లు ఇయ్యాల మోకాల్ల నుంచి ఎల్తయా డాక్టరు సారూ? మా ఆయిన నిరుడు తాగిన కల్లు గూడ యాడనన్న ఎల్తదేమో జర సూడుండ్రి, పుణ్యముంటది.”

డాక్టరు కూడా నవ్వాడు. ఆమె భర్త మాత్రం లేచి బయటికి పోయాడు.

ఆ నెలలోనే ఓవర్సీరు బావి మెట్లు రెండువైపులా రాతితో మూసేశాడు. చుట్టూ గోడ, తూర్పువైపు నాపరాయి గచ్చు, దానిమీద ఒక గిరక, తాడు. ఇక నీళ్లలో ఎవరి కాలూ పడదు. మంచి పనే. కాని రెండు వైపుల మెట్లున్న బావికి ఒకటే గిరక పెట్టారు. ఊరివాళ్లు పట్టుకునే తాడును వాడవాళ్లు ముట్టుకోకూడదు. ఓవర్సీరు పరాయివాడు కాదు, పూడూరు దగ్గరివాడే. ఈ సంగతి తెలియదా అని అడిగాను.

“ఎందుకు తెల్వది?” అన్నాడు. “నాకు గోడ కట్టమన్నరు, కట్టిన. ఎవలు చేదుకోవాలె, ఎవలు చేదుకోవద్దు, గదంత నాకెందుకు?”

వాడ ఆడవాళ్లు ఎవరితోనూ తగువు పడలేదు. కుండలు తీసుకుని ఊరి పటేలు కందిచేనులో ఉన్న పాడుబావికి పోయారు. అదీ మెట్లబావే. అవే కాళ్లు, అవే పుండ్లు, ఇంకా తక్కువ నీళ్లు. నేను రాసి పంపిన వార్తలో గోడా గిరకా అచ్చయ్యాయి. వాడ ముచ్చట కత్తెరలో పోయింది.

మరుసటి ఎండాకాలానికి ఊరి కాళ్లు బాగయ్యాయి. నారు చుట్టిన పుల్ల ఎక్కడైనా కనబడుతుందా అని వెతకాల్సి వచ్చింది. వాడలో ఏమీ మారలేదు. బండలు మోసే ఆమె నారు లోపలే తెగి, మోకాలు బిగుసుకుపోయింది. గనిపని పోయింది. పదేళ్ల కూతురు పాడుబావినుంచి నీళ్లు మోస్తోంది. ఊరి కాళ్లు చూశాక ఆమెకు డాక్టరు మాటమీద నమ్మకం కుదిరింది. ఇప్పుడు నవ్వడం లేదు.

“నా కాలైతె పాయె పేపరు సారూ,” అన్నది నాతో. “బిడ్డకు నారు ఇంకా రాలే. గా పాడుబాయికి గిరక పెడితె, దాని కాళ్లన్న దక్కుతయి. డాక్టరు సారుకు జర యాది జెయ్యి.”

డాక్టరు బస చేసిన వికారాబాదు ముసాఫిర్‌ఖానాలో ఆయన్ను కలిశాను. ఓవర్సీరూ అక్కడే ఉన్నాడు. డాక్టరు చాలా సంతోషంగా ఉన్నాడు. చాయ్ తెప్పించాడు.

“మేం అనుకోలేదండీ ఇలా దొరుకుతుందని,” అన్నాడు. “ఒకే ఊరు, ఒకే తిండి, ఒకే ఎండ. సగం మందికి నీళ్లు మారాయి, సగం మందికి మారలేదు. మారినవాళ్లకు పోయింది, మారనివాళ్లకు పోలేదు. ఇంతకంటే రుజువేం కావాలి?”

“మరి వాడకు గిరక ఎప్పుడు?”

“ఇంకొక్క ఎండాకాలం పోనివ్వండి. రెండేళ్ల లెక్క ఉంటేనే పైవాళ్లు నమ్ముతారు. ఇప్పుడే మారిస్తే పోల్చి చూడటానికి ఏం మిగలదు.”

ఆ చాయ్ నేను తాగలేదు. ఈ ఏడు తాగిన నీళ్లు వచ్చే ఏడు కాలు తొలుచుకుని వస్తాయని ఊరూరా తిరిగి చెప్పింది ఆ మనిషే. ఇంకొక్క ఎండాకాలం అంటే ఏమిటో ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు ఆ జిల్లాలోనే లేరు. తెలియక చేసిన తప్పును మన్నించవచ్చు. తెలిసి, చాయ్ తాగుతూ, బిస్కెట్టు నంజుకుంటూ అన్న మాట అది. 

విన్నది విన్నట్టు మోయడమే నా పని. పత్రికకు మోస్తే కత్తెరపాలవుతోంది. ఈసారి వాడకు మోశాను.

తర్వాతి వారం జీపు వచ్చేసరికి వాడలో ఆడవాళ్లు, మగవాళ్లు అరుగులమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. చీరలు, పంచెలు పాదాలమీదికి లాక్కున్నారు. డాక్టరు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాడు. ఒక్కరూ కాలు చూపించలేదు.

“మీ మేలు కోసమేనమ్మా,” అన్నాడు బండలు మోసిన ఆమెతో.

“మా మేలు పాడుబాయికాడున్నది సారూ. గిరక తెచ్చి పెట్టుండ్రి. గప్పుడు ఒకటి గాదు, రెండు కాళ్లు సూపిస్త.”

కాంపౌండరు బతిమాలాడు. “జర సమజ్ చేస్కో అమ్మా. సాబు గంత దూరం నుంచి వచ్చిండు.”

“గంత దూరం నుంచొచ్చినోళ్లకు మా బాయి కనవడదా మామూ?”

వెనకనుంచి ఒక ముసలాయన అందుకున్నాడు: “కనవడుతదే. మా కాళ్లు బాగైతె ఆయన నౌకరి కుంటుతదని ఫికరు.”

ఎవరూ నవ్వలేదు. డాక్టరు వెనక్కి తిరిగి జీపెక్కాడు. జీపు దుమ్ము రేపుకుంటూ పోయింది.

గిరక పెడితే పోల్చి చూడటం పోతుంది. పెట్టకపోతే వాడ కాళ్లు చూడటమే పోతుంది, ఆయన లెక్క అక్కడితో ఆగిపోతుంది. వారం తిరక్కముందే డాక్టరు చెప్పగా ఓవర్సీరు బండినిండా రాళ్లతో దిగాడు. పటేలు అడ్డం చెప్పలేదు, చేనులో బావి ఊరికే బాగవుతుంటే ఎందుకు చెప్తాడు? పాడుబావి పూడిక తీశారు, మెట్లు మూశారు, గోడ లేచింది, గిరక తగిలించారు. ఏడాదిపాటు వీలుకాని పని. మేస్త్రీ చేతికి అదంతా పెళ్లికి పందిరి వేసినంత సేపు పట్టింది. బిగిసిన మోకాలు పక్కకు చాపి, ఆమె గోడకు ఆనుకుని మొదటి బొక్కెన చేదింది. తర్వాత రెండు కాళ్లూ చూపించింది. అన్న మాట అన్నట్టే.

నారు ఏడాది ఆగి వస్తుందని డాక్టరు చెప్పింది నిజమే. మరుసటి ఎండలకు వాడలోనూ ఊళ్లోలాగే తగ్గింది. కాని కొందరికి వచ్చింది. ఆమె కూతురికి మడమ పైన బొబ్బ లేచింది. గిరక రాకముందు, పాడుబావి మెట్లు దిగి మోసుకొచ్చి తాగిన నీళ్లతో వచ్చింది.

డాక్టరు ఆఖరిసారి వచ్చినప్పుడు నేనూ ఉన్నాను. ఆ పిల్ల పాడుబావి గచ్చుమీద కాలు చాపుకుని, నారు చుట్టిన పుల్ల పట్టుకుని కూర్చుంది. పెదవి కొరుక్కుంటోంది గాని ఏడవడం లేదు. తల్లి గిరక దగ్గర నిలబడి ఉంది. డాక్టరు వంగి చూశాడు. కట్టు కట్టాడు, ఎప్పటిలాగే శ్రద్ధగా. తర్వాత కాంపౌండరు వైపు తిరిగి అన్నాడు: “ఇది నిరుటి నీళ్లది. మన లెక్కలోకి రాదు.”

ఆమె తాడు వదల్లేదు. గొంతూ పెంచలేదు.

“మీ లెక్కల రాకపోతె, గా కాలు ఎవలది సారూ?”

డాక్టరు చేతులు కడుక్కోవడానికి నీళ్లు అడిగాడు. ఆమె చేదిన బొక్కెన ముందు పిల్లకని పక్కన దించి, తర్వాత కుంటుకుంటూ పోయి ఇంట్లోంచి చెంబు తెచ్చి ఆయన చేతులమీద నీళ్లు పోసింది.