చల్లని పొగ

సిగరెట్టు పెట్టె మీది అక్షరాలు గురువమ్మకు చదివి చెప్పిన రోజున నాకు నిజం తెలుసా, తెలియదా? చల్లటి సిగరెట్లూ, ఘాటు తక్కువ సిగరెట్లూ మామూలువాటంత చేటే చేస్తాయని ఒక పత్రికలో చదివాను. ఆ రోజుకు ముందు చదివానో, తరువాతో, ఇన్నేళ్లు ఆలోచించినా తేలలేదు.

గురువమ్మది సముద్రం ఒడ్డున ఉన్న పెదజాలారిపేట. మా సీతమ్మధారలో ఇరవై ఏళ్లు చేపలమ్మింది. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయాక ఆమె బతుకంతా నెత్తిమీది తట్టే. బేరం అయ్యాక మా అరుగు మీద కూర్చుని అడ్డపొగ వేసేది. వెలిగించిన చుట్ట కొస నోటి లోపల పెట్టుకుని, పెదవులు బిగించి, పొగ నోట్లోనే తిప్పి వదిలేది. వాళ్లమ్మా అంతే, అత్తా అంతే. తొంభై ఏడులో పేటకొచ్చిన వైద్యశిబిరం డాక్టరు టార్చి వేసి చూసి, అంగిలి కాలి తెల్లబడిందనీ, మానకపోతే పుండవుతుందనీ చెప్పాడు.

మర్నాడే చుట్ట మానేసింది. వారం తిరక్కుండా ఒక పచ్చపెట్టె పట్టుకొచ్చింది.

"ఇందల ఏటి రాసుందో సూడండి బాబూ."

పుదీనా చల్లదనం, ఘాటు తక్కువ అని రాసి ఉంది. అదే చెప్పాను.

"అదీ! డాక్టరు బాబు మంట ఒద్దన్నాడు. దీన్ల మంటే నేదు. జలుబు మందు నాగ సల్లగుంది."

"ఏమే, దొరసానివైపోయావు!" అంది నా భార్య కుసుమకుమారి.

"దొరసాన్లకి మాత్రం నోరు కాలదేటమ్మా?"

ముగ్గురం నవ్వాం.

రోజుకు రెండు చుట్టలతో సరిపెట్టుకునే మనిషి పెట్టె ఖాళీ చెయ్యడం మొదలుపెట్టింది. గొంతుకు చల్లగా ఉండడంతో పొగ రొమ్ములోకంటా లాగేది. అంగిలి కాస్త నెమ్మదించింది. దగ్గు పట్టుకుంది. రెండువేల మూడు నాటికి మా వీధి ఎత్తు ఎక్కడానికి నాలుగుచోట్ల తట్ట దించుతోంది.

నేనే క్లినిక్కుకు తీసుకెళ్లాను. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎలా కాలుస్తావో చూపించమన్నాడు. వెలిగించని సిగరెట్టును అడ్డపొగ అలవాటున ఫిల్టరంతా లోపలికి పోయేలా పెదవులతో బిగించింది.

"ఫిల్టరు చుట్టూ కంటికానని కన్నాలుంటాయి. ఘాటు తగ్గించే గాలి కలిసేది వాటిలోంచే. నువ్వు వాటిని మూసేశావు," అన్నాడాయన. "మూయనివాళ్లయినా ఘాటు చాలక ఇంకా గట్టిగా పీలుస్తారు. వాళ్లకీ ఒరిగిందేం లేదు."

నాతో విడిగా అన్నాడు, ఊపిరితిత్తిలో గడ్డ ముదిరిందని.

మా అరుగు దగ్గరికొచ్చాక అడిగింది. "నాకు దాసకండి బాబూ. ఏటన్నాడు?"

చెప్పాను. పెట్టె మీది మాట నమ్మదగింది కాదనీ చెప్పాను.

"సల్లటిది కూడా సంపుతాదేటి?" అని, "మీకు ముందే తెల్దా బాబూ?" అంది.



తట్ట నెత్తికెత్తడానికి రోజూ నన్నో కుసుమనో చెయ్యి వెయ్యమనేది. ఎత్తాక, "వస్తాను బాబూ" అనేది. ఆ రోజు మోకాళ్ల మీద కూలబడి, దగ్గుకుంటూ, అరుగు పక్కన ఉంచి వెళ్లిన తట్ట తనే ఎత్తుకుంది. నేను మెట్లు దిగేసరికి గేటు దాటిపోయింది. వస్తానని అనలేదు.