పోయిన లైసెన్సు

మా మరిది ఏడాదిపాటు ఒకే మాట పట్టుకుని వేళ్ళాడాడు: లైసెన్సు పోయింది. గొడుగు పోయినట్టు, చెప్పులు పోయినట్టు. తాగి స్కూలు వ్యాన్ నడిపి, రోడ్డు మధ్య గట్టు మీదికి ఎక్కించి, పోలీసులకి చిక్కితే వాళ్ళు లాక్కున్నారని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆ సమయానికి బండిలో పిల్లలు లేరు కాబట్టి బతికిపోయాడు. అయినా చుట్టాలెవరు అడిగినా అదే మాట. నా తోటికోడలు పక్కన నిలబడి తలూపడం. వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

అక్కడ మొహం చెల్లక మొగుడూ పెళ్ళాలు మేముండే రాష్ట్రానికి వచ్చి, మా వెనక గదిలో దిగారు. తోటికోడలు హోటళ్ళ దుప్పట్లు ఇస్త్రీ చేసే చోట చేరింది. సాయంత్రానికి ఆమె మణికట్టు వాచిపోయి, పొయ్యి మీది గిన్నె దించడానికి నన్ను పిలిచేది. ఈయనగారు మంచమ్మీద కాళ్ళు చాపుకుని టీవీ చూస్తుండేవాడు. అంత అసహ్యం నాకు బొద్దింకలన్నా లేదు.

ఈలోగా మా వీధి చివర వ్యాన్లు తిప్పే యజమాని, స్కూళ్ళు తెరిచేలోగా ఇక్కడి లైసెన్సు తెచ్చుకుంటే బండి ఇస్తానన్నాడు. మా పాప వెళ్ళే స్కూలు బండే. అది దొరికితే తోటికోడలు ఇస్త్రీ మానేయొచ్చు. ఆ ఆశతోనే మరిదిని వెంటబెట్టుకుని లైసెన్సు ఆఫీసుకి వెళ్ళాను.

ఆ ఆఫీసు గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. కుర్చీలో కూర్చుంటే చీర అతుక్కుంది. ఫొటో తీసే చోట అద్దం కింద అందరికీ కలిపి ఒకటే దువ్వెన, దాని పళ్ళ సందుల్లో ఊరందరి జుట్టు. మా మరిది దానితోనే తల దువ్వుకున్నాడు.

కౌంటరులో కళ్ళద్దాలావిడ పాత లైసెన్సు ఏదని అడిగింది. అలవాటైన నోరు కదా, "పోయిందండీ" అన్నాడు. ఆవిడ పారేసుకున్నాడనుకుని, అయితే పోలీసు ఫిర్యాదు కాగితం తెమ్మంది. ఇప్పుడైనా నిజం చెబుతాడేమోనని చూశాను. సరేనండీ అని బుద్ధిమంతుడిలా తలూపి బయటికొచ్చాడు. నేను ఎంత తిట్టినా దులిపేసుకుని, తిన్నగా స్టేషనుకి పోయి, బస్సులో కిటికీ పక్కన కునుకు తీస్తుంటే జేబులోంచి జారిపోయిందని రాయించి ముద్ర కొట్టించుకొచ్చాడు.

మర్నాడు ఆవిడ ఆ కాగితంలో ఉన్న పాత నంబరు కంప్యూటరులో కొట్టగానే అవతలి రాష్ట్రం కథంతా తెర మీదికొచ్చింది. తాగి నడిపినందుకు సస్పెన్షన్. గడువు తీరి చాలా నెలలైంది. కార్డు అక్కడి ఆఫీసులోనే ఉంది, వచ్చి తీసుకెళ్ళమని కబురు కూడా పెట్టారు.

"వాళ్ళ బీరువాలో ఉన్నది మీ జేబులోంచి ఎలా జారిందండీ?" అంది ఆవిడ.

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మరిది నా వైపు తిరిగి, "వదినా, మీరు చెప్పండి" అన్నాడు. చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టి కూడా ఇలాగే వాళ్ళమ్మ వెనక దాక్కునేవాడట.

"తాగేటప్పుడు నన్ను పిలిచావా? నువ్వే చెప్పు."

కాసేపు బల్ల అంచు గోకాడు. "పోలేదండీ. తాగి నడిపాను, లాక్కున్నారు. బస్సు మాట అబద్ధం."

ఆ తర్వాత అన్నీ అనుభవించాడు. స్టేషనులో ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ తిట్లు తిన్నాడు. పాత రాష్ట్రానికి పోయి కార్డూ, అడ్డులేదనే కాగితమూ తెచ్చుకున్నాడు. తాగి నడిపిన కేసు కాబట్టి మీసాలు మొలవని కుర్రాళ్ళ వరుసలో నిలబడి మళ్ళీ డ్రైవింగ్ పరీక్షకి హాజరయ్యాడు. స్కూళ్ళు ఇంకా తెరవకముందే పాసయ్యాడు. నోరు తెరిచి అడిగుంటే ఎప్పుడో వచ్చేదాని కోసం అన్నాళ్ళూ పెళ్ళాం చేత ఇస్త్రీ చేయించాడని తలుచుకుంటే, ఆ కొత్త కార్డు ముట్టుకోబుద్ధి కాలేదు.

యజమాని దగ్గరికి నేనూ వెళ్ళాను. ఇంటి మనిషి ఒకరు పూచీ ఉండాలన్నాడు. ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి, ఇన్నేళ్ళ డ్రైవరువి, ఇదేమిటి కొత్తగా ఉందని అడిగాడు. మరిది ఈసారి నన్ను చూడలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. నాకు ఆశ్చర్యమే వేసింది.

యజమాని నా వైపు తిరిగాడు. "అమ్మా, మీ పాపని ఇతని బండి ఎక్కిస్తారా?"

మాట్లాడటానికే వెళ్ళినదాన్ని. నా నోట్లో నోరు పెట్టలేరని పేరు పడ్డదాన్ని. నోరు పెగల్లేదు.

"ఆవిణ్ణి అడక్కండి సార్, ఎక్కించరు" అన్నాడు మరిది. "సరుకుల బండేదైనా ఉంటే ఇవ్వండి."

సరుకుల బండికి జీతం తక్కువ, మూటలు తనే మోసుకోవాలి. ఒప్పుకున్నాడు. తోటికోడలికి ఇస్త్రీ తప్పలేదు. ఏడాదిగా అతన్ని అసహ్యించుకున్నదాన్ని, ఆ పూట నన్ను నేనే అసహ్యించుకున్నాను. అయినా యజమాని ఇవాళ పిలిచి మళ్ళీ అడిగితే, ఎక్కించననే చెబుతాను.