అక్క బోర్డు ఉయ్యూరు వెళ్లింది, అక్క వెళ్లలేదు

మా చిన్నప్పుడు... భవానీపురం ఇంటి వసారా నిండా వైరు ముక్కలే. ఆటోనగర్‌లో పనిచేసే బాబాయి పాత బండ్లలోంచి ఊడదీసిన చిన్న బల్బులు తెచ్చిస్తే, తొమ్మిదో తరగతి చదివే మా అక్క వాటిని ప్లైవుడ్ చెక్కకి బిగించేది.

రెండు వరసలు... మొదటి వరసలో బల్బులన్నీ ఒకే వైరు మీద, ఒకదాని వెనక ఒకటి. రెండో వరసలో ప్రతి బల్బుకీ బ్యాటరీ నుంచి విడిగా దారి. మొదటి దాంట్లో ఒక్క బల్బు తీస్తే అన్నీ ఆరిపోయేవి. రెండో దాంట్లో ఎన్ని తీసినా మిగతావి హాయిగా వెలిగేవి. మొదటి వరసకి ఇంకో బల్బు కలిపితే వెలుగు తగ్గిపోయేది. "అడ్డు పెరిగితే కరెంటు తగ్గుతుందే మొద్దూ" అని నా నెత్తిన మొట్టేది.

ఆ బోర్డు ఉయ్యూరులో జరిగే జిల్లా సైన్స్ ఫెయిర్‌కి ఎంపికైంది. ప్రైజు తెస్తే పది అయ్యాక పాలిటెక్నిక్‌లో చేరుస్తానని నాన్న మాటిచ్చారు. అక్క నిద్రలో కూడా ఓమ్ సూత్రం వల్లించింది... నిజంగా.

ఫెయిర్‌కి ముందు రోజు అక్క పెద్దమనిషి అయింది.

అంతే. మూలన చాప... విడిగా కంచం, విడిగా చెంబు. గడప దాటకూడదు. సైన్సు టీచరమ్మ ఇంటికొచ్చి బతిమాలారు, దగ్గరుండి తీసుకెళ్లి తీసుకొస్తానన్నారు. నాన్న చాలా మర్యాదగా మాట్లాడారు. "మీకు తెలియందేముందండీ... ఆచారం."

ఆచారమట. చదువుకున్న మనిషి, ఆఫీసులో పదిమందికి రూల్సు చెప్పే మనిషి, కూతురి దగ్గరికి వచ్చేసరికి ఆచారం వెనక దాక్కున్నారు. ఇవాళ్టికీ ఆ 'అండీ' వింటే నాకు ఒళ్లు మండుతుంది.

అక్క ఏడవలేదు. మూలనుంచే టీచర్‌తో ఒక్క మాట చెప్పింది. "బల్బు తీసి చూపించమనండి టీచర్. తీయకపోతే ఎవరికీ అర్థం కాదు."

బోర్డుతో వేరే అమ్మాయిని పంపారు. పాపం, ఎక్కడ పాడవుతుందోనని ఆ పిల్ల బల్బు మీద చెయ్యే వేయలేదట. చూసినవాళ్లకి రెండు వరసల దీపాలు కనబడ్డాయి, అంతే.

ఆ సాయంత్రం పేరంటంలో అక్క తలకి పైన గోడ మీద కట్టిన సీరియల్ బల్బుల సెట్టు ఉన్నట్టుండి ఆరిపోయింది. మామయ్యలు తంటాలు పడుతుంటే అక్క చెయ్యి చాచింది. ముట్టుకోవద్దని నాయనమ్మ కసిరింది. అక్క చెయ్యి ఒళ్లో పెట్టుకుంది...

పది పాసయ్యాక పాలిటెక్నిక్ మాటెత్తితే నాన్న అన్నారు, "ప్రైజు రాలేదుగా అమ్మా."

వెళ్లనిస్తే కదా వచ్చేది!

ఇప్పుడు చాప పోయింది. సింహాసనం వచ్చింది, డ్రోన్ కెమెరా వచ్చింది, గేటు దగ్గర ఫ్లెక్సీ వచ్చింది. దీన్ని అభివృద్ధి అనేవాళ్లతో వాదించే ఓపిక నాకింకా ఉంది. మొన్న బంధువుల ఇంట్లో పెద్దమనిషి ఫంక్షన్‌కి అక్కా నేనూ వెళ్లాం. స్టేజి మీద కూర్చున్న పిల్ల తలమీద అక్షింతలు వేసి, ఇవాళ బడిలో ఏముందమ్మా అని అక్క అడిగింది.

"ఏం లేదు అమ్మమ్మా... లెక్కల పరీక్ష, అంతే."

అక్క భోజనం చేయకుండానే వచ్చేసింది.

పేర్లు వద్దు. మిమ్మల్ని మూలన కూర్చోబెట్టిన ఆ రోజుల్లో మీకు పోయింది ఏమిటి? పరీక్షా, ఆటా, ప్రయాణమా? కింద రాయండి... ఒక్కసారైనా ఎవరో ఒకరు అడగాలి కదా.